64,000 రూపాయల పెరడు, అందులో తెల్ల గోంగూర

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. లేకపోతే ఆ అంకె ఎక్కడుందా అని వెతుక్కుంటూ మిగతాది సరిగ్గా చదవరు. డ్రాయింగుకి 6,000, పనికి 58,000, మొత్తం 64,000 రూపాయలు. గుంటూరులో గోరంట్ల వైపు మా ఇంటి వెనక రెండు సెంట్ల చిల్లర పెరడు ఉంది. దాన్ని పర్మాకల్చర్ పద్ధతిలో తయారుచేసి ఇవ్వడానికి ఒక చిన్న సంస్థ తీసుకున్న సొమ్ము ఇది. సంస్థ పేరు రాయను. ముప్పై దాటని కుర్రాళ్లిద్దరు నడుపుకుంటున్నారు. చేసిన తప్పుల్లో కొన్ని వాళ్లే మళ్లీ వచ్చి సరిచేశారు. అయినా ఇలాంటి వాళ్లు మీ ఇంటికొస్తే ఏం అడగాలో, దేనికి ఒప్పుకోకూడదో తెలిస్తే చాలు, పేరుతో పనేముంది.

నాది కర్రీ పాయింట్. ఇంటి ముందు గదిలోనే. పొద్దున అయిదున్నరకి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండింటికి ఆపుతాను, సాయంత్రం మళ్లీ మొదలు. రోజుకి ఏడెనిమిది కిలోల తొక్కలు, కాడలు, ముచ్చికలు వస్తాయి. కరివేపాకు, కొత్తిమీర, గోంగూర, అరటికాయ, మునక్కాయ కొనని రోజుండదు. పెరటిలో అప్పటికి ఉన్నవి ఒక జామ చెట్టు, ఒక మునగ, ఒక కరివేపాకు, కాసిని క్రోటన్లు, మూలన పిచ్చిమొక్కలు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు ఆ మునగ కాస్తా మొదలంటా పడిపోయింది. ఖాళీ అయిన ఆ చోటు చూసి మా ఆయన బైకులు పెట్టుకోవడానికి సిమెంటు చేయిద్దామన్నాడు. నేను సంక్రాంతి వెళ్లగానే ఈ కుర్రాళ్లకి ఫోన్ చేశాను.

పర్మాకల్చర్ అంటే ఏంటని మొదటి రోజే అడిగాను. 1970ల్లో ఆస్ట్రేలియాలో బిల్ మొలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు పెట్టిన పేరట. పర్మనెంట్, అగ్రికల్చర్ అనే రెండు మాటలు కలిపారు. ఏటేటా దున్ని, చల్లి, పీకేసే పని తగ్గించి, అడవిలో చెట్లు ఒకదాని నీడలో ఒకటి, ఒకదాని ఆకు తిని ఒకటి బతికినట్టు తోటని అమర్చుకోవడం. ఇద్దరిలో పెద్దవాడు 2017లో హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశానికి వెళ్లొచ్చాకే ఈ పనిలోకి దిగాడట. మా అత్తయ్య అంతా విని, "మా పుట్టింటి దొడ్లో ఉన్నదే కదమ్మా, దీనికి ఆరు వేలా" అంది. నిజానికి ఆ ఆరు వేలే దండగ కానివి. అదెలాగో చెప్తాను.

మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లు మొక్కల మాటే ఎత్తలేదు. నా వెనకాలే తిరిగారు. "ఆంటీ, రోజుకి ఎన్నిసార్లు పెరట్లోకి వస్తారు? ఏ తలుపులోంచి? చేతిలో ఏముంటుంది?" అని అడిగారు. పోపు వేగుతుంటే కరివేపాకు కోసం పరిగెత్తుకొచ్చే దారి ఒకటి, తొక్కల బకెట్ పట్టుకొచ్చే దారి ఒకటి, బట్టలారేసే దారి ఒకటి. మూడూ గీసుకున్నారు. దీన్ని జోన్లు అంటారు. ఇంటిని సున్నా అనుకుని, రోజుకి పదిసార్లు చెయ్యి పడేవి ఒకటో జోన్‌లో, వారానికోసారి చూసేవి దూరంగా పెడతారు. మనం చూడకపోయినా బతికేవాటికి అన్నిటికన్నా చివర. ఇంతకాలం నా కరివేపాకు పక్కింటి గోడవైపు ఉంది, వంటింటి తలుపు ముందేమో క్రోటన్లు. పదిహేనేళ్లుగా అలా ఉంటే నాకే తట్టలేదు.

తర్వాత ఎండ లెక్క. సంక్రాంతి ఎండకీ రోహిణి కార్తె ఎండకీ నీడ ఎక్కడెక్కడ పడుతుందో కాగితం మీద వేసి చూపించారు. మధ్యాహ్నం రెండు దాటాక పడమటి ప్రహరీ వేడెక్కి, పొద్దుపోయినా సెగ చిమ్ముతూనే ఉంటుంది. ఆ గోడ పక్కన అరటి, మునగ, అవిశె తెరలాగా వేసి, వాటి నీడలో ఆకుకూరలు పెట్టమన్నారు. మేలో మా ఊళ్లో కొత్తిమీర, పాలకూర మామూలుగా మాడిపోతాయి. 2025 వేసవిలో ఆ నీడలో తోటకూర, బచ్చలి, పొన్నగంటికూర నిలిచాయి. కొత్తిమీర మాత్రం అప్పుడూ రాలేదు. మేలో గుంటూరులో కొత్తిమీర పెంచుతామని ఎవరైనా చెప్తే నమ్మకండి.

డాబా నీళ్లదీ లెక్కే. మా డాబా వెయ్యి చదరపు అడుగులు. ఒక సెంటీమీటరు వాన పడితే దాని మీద 900 లీటర్ల పైనే నీళ్లు పడతాయి. అవన్నీ ఇన్నాళ్లూ పైపులోంచి వీధి కాలవలోకి పోయేవి. రెండు 500 లీటర్ల డ్రమ్ములు పెట్టి పైపు వాటికి తిప్పారు, నిండాక పొర్లినవి అరటి గుంటలోకి వెళ్తాయి. మా బోరు నీళ్లు ఉప్పన, ఆకుల అంచులు మాడతాయి. కొత్తగా నాటినవాటికి ఈ వాన నీళ్లు పోయడంతో తేడా కళ్లకే కనపడింది. ఇంతవరకు ఎవరికైనా చెప్పి చేయించుకోవచ్చు.

అసలు గొడవ పనిలో దిగాక వచ్చింది.

మా నేల నల్లరేగడి. ఎండితే రాయి, తడిస్తే బంక. మే నెలలో పగుళ్లలోకి వేలు దూరుతుంది. ఆ నేలలో వాళ్లు స్వేల్ తవ్వారు, అంటే వాలుకి అడ్డంగా తవ్వే కందకం. వాన నీటిని అక్కడ ఆపి మెల్లగా నేలలోకి ఇంకించడం దాని పని. కొండవాలులో, ఎర్రనేలలో, వాన తక్కువ పడే చోట అది బంగారమే, కాదనను. బల్లపరుపుగా ఉన్న రెండు సెంట్ల నల్లరేగడిలో, అదీ ఇంటి గోడకి నాలుగడుగుల దూరంలో, ఇరవై అడుగుల పొడవున, అడుగున్నర లోతున తవ్వారు. గట్టు మీద నాలుగు బొప్పాయిలు పెట్టారు. నాకు అనుమానం వచ్చింది కానీ కాగితం మీద అంత చక్కగా గీసుంటే నోరు రాలేదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1. విజయవాడలో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచిన వాన అది. మా వైపూ వదల్లేదు. కందకం నిండింది, నిండిన నీళ్లు దిగలేదు. తెరిపి ఇచ్చిన అయిదో రోజుకి కూడా అందులో నా ముఖం కనపడుతోంది. బొప్పాయికి రెండు రోజులు వేళ్లు నీళ్లలో నానితే చాలు, మొదలు కుళ్లుతుంది. నాలుగింటిలో మూడు పోయాయి. వంటింటి గట్టు టైల్స్ చూడ్డానికి వచ్చిన మేస్త్రి ఆ కందకం చూసి, "నల్లరేగడిలో పునాది పక్కన నీళ్లు నిలబెడతారా ఎవరన్నా? ఉబ్బి, మళ్లీ ఎండి, గోడ చీలుతుంది కదమ్మా" అని నన్ను తిట్టినంత పని చేశాడు.

ఒక్క పరీక్ష చేసుంటే ఇదంతా తప్పేది. అడుగు లోతు గొయ్యి తీసి, ఒకసారి నీళ్లు పోసి తడవనిచ్చి, మళ్లీ నింపి గడియారం చూడాలి. గంటా రెండు గంటల్లో దిగితే ఒక లెక్క, మర్నాడు పొద్దున కూడా నీళ్లుంటే ఇంకో లెక్క. ఎవరైనా వచ్చి మీ పెరట్లో కందకం, కుంట అంటే ముందు ఈ గొయ్యి తీయించండి. ఫోన్ చేస్తే కుర్రాళ్లు వారంలో వచ్చారు, బాకీ పడ్డవాళ్లలా తల దించుకునే వచ్చారు. కందకం పూడ్చి, అదే మట్టిలో మాగిన పశువుల ఎరువు, ఎండాకు కలిపి అడుగు ఎత్తు మళ్లు కట్టారు. మధ్యలో నీళ్లు వీధివైపు పోవడానికి సన్న కాలవ తీశారు. కూలి అడగలేదు. బొప్పాయిలు మూడు పోతే రెండే తెచ్చారు, మూడోది నేను అడగలేదు.

ఇక గోంగూర. ఇది రాయకుండా ఎలా వదులుతాను! గుంటూరులో, కర్రీ పాయింట్ నడిపే మనిషి పెరట్లో, తెల్ల గోంగూర వేశారు. పచ్చ కాడ, చప్పిడి ఆకు. పప్పులోకి పనికొస్తుందేమో, దాంతో నూరిన పచ్చడి అమ్మితే నా దగ్గరికి మళ్లీ ఎవరొస్తారు? ఎర్ర కాడ గోంగూరకుండే పులుపే వేరు. "రెండూ ఒకటే జాతి కదా ఆంటీ" అన్నాడు చిన్నవాడు. ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే మా తమ్ముడి చేత ఎర్ర గోంగూర విత్తనం తెప్పించుకుని నేనే చల్లుకున్నాను.

మొక్కల జాబితాలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నత్తగుల్లలాగా రాళ్లు పేర్చి హెర్బ్ స్పైరల్ అని ఒకటి కట్టి అందులో రోజ్‌మేరీ, థైమ్ పెట్టారు. చలిదేశాల పుస్తకాల్లోంచి దించిన బొమ్మ అది. ఏప్రిల్ ఎండకి ఆ రాళ్లు పెనంలా కాలాయి, మొక్కలు కాస్తా వేపుడయ్యాయి. ఇప్పుడు అదే గుట్ట మీద పైన వాము, మధ్యలో తులసి, కింద తడి నిలిచే చోట పుదీనా ఉన్నాయి. పైన ఆరుతుంది, కింద తడి ఉంటుంది అన్న కిటుకు మంచిదే. మొక్కలు మన ఊరివి అయ్యుండాలి, అంతే. అవిశె మాత్రం వాళ్ల ఎంపికే, దానికి మార్కులు వేస్తాను. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి ఉంచే చెట్టు, ఆకూ పువ్వూ కూరకి పనికొస్తాయి, కొమ్మ నరికి అరటి మొదట్లో పడేస్తే ఎరువు. గోడ పొడుగునా కంది, ఖాళీ మళ్లలో వానలకి ముందు జీలుగ, పిల్లిపెసర చల్లించారు. జీలుగ పూత దశలో కోసి అక్కడే పరిచేస్తే నల్లరేగడి మెత్తబడింది. ఇవి మా నాన్న చేలో చేసిన పనులే. ఆయన ఏ పేరూ పెట్టలేదు.

నాకు అన్నిటికన్నా కలిసొచ్చింది అరటి గుంట. గజం లోతు, రెండు గజాల వెడల్పు గుంట తీసి, తీసిన మట్టిని చుట్టూ గట్టుగా పోసి, గట్టు మీద అయిదు అరటి పిలకలు, మధ్య మధ్యలో చేమ, చిలగడదుంప పెట్టారు. అది నిండా నానే గుంట కాకుండా అడుగున కంప, కొబ్బరి డొక్కలు వేసి, పొర్లే దారి వదిలారు, కందకం పాఠం అప్పటికి వచ్చినట్టుంది. నా తొక్కలన్నీ దానికే. అసలు వాళ్లు మొదట ఇచ్చింది ఒక బుల్లి కంపోస్టు డబ్బా. కర్రీ పాయింట్ అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా నలుగురున్న ఇంటి లెక్క వేశారు. నాలుగో రోజుకి నిండి, ఆరో రోజుకి కంపు, పదో రోజుకి పందికొక్కులు. పక్కింటి బాబాయిగారు ముక్కు మూసుకునే మాట్లాడేవారు. గుంటలో అయితే ఒక బకెట్ తడికి రెండు బకెట్ల ఎండాకు వేస్తే వాసన ఉండదు. ఎండాకు ఎక్కడిదంటారా, మాఘ ఫాల్గుణాల్లో వీధి వేపచెట్లు రాల్చేది పోగేసి తగలబెడతారు కదా, అది. రోడ్లూడ్చే అమ్మాయితో మాట్లాడుకున్నాను. రెండు బస్తాలకి ఒక పప్పు, ఒక వేపుడు పాకెట్. బియ్యం కడుగు కూడా అరటికే పోస్తాను. అంట్లు తోమిన నీళ్లు మాత్రం వద్దు, ఉప్పూ నూనే ఎక్కువ. వండిన అన్నం, కూర మిగిలితే గుంటలో వేయను, పందికొక్కులకి కబురు పెట్టినట్టే.

అరటి బొంత రకం అడిగి వేయించుకున్నాను, వేపుడుకి. 2025లో ఏడు గెలలు. ఆకులు పార్శిల్‌లో పరుస్తాను, ఆ వాసనకే కొందరు వస్తారు.

ఇప్పుడు పక్షులు, పురుగుల సంగతి. వాళ్ల కాగితంలో "పెరట్లోకి ప్రాణులు తిరిగొస్తాయి" అని అందంగా రాసుంది. వస్తాయి. ఏమేం వస్తాయో అందరికీ ముందే చెప్పాలి. అరటి పువ్వుకీ మందారానికీ తేనెపిట్టలు వచ్చాయి, బట్టల తీగ మీద వేలాడే గూడు కట్టాయి, నేను నెల్లాళ్లు బట్టలు డాబా మీద ఆరేశాను. జెముడుకాకి, పికిలిపిట్ట, గోరువంక, ఉడుతలు. ఉప్పలపాడు చెరువు పెలికాన్లు ఎలాగూ మా వైపు చూడవు, ఉన్నవాటితోనే నాకు చాలు. వీటితోపాటు కరివేపాకు మీద గొంగళిపురుగులు. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటాయి, పెరిగాక ఆకుపచ్చగా. ముట్టుకుంటే కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన కొడతాయి. నిమ్మ, కరివేపాకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకల పిల్లలు అవి. మొదటి ఏడు నేను చీపురుతో దులిపేశాను. చిన్నవాడు బతిమాలితే మూడు కరివేపాకు చెట్లలో గోడ మూలది వాటికి వదిలేశాను, తలుపు దగ్గరవాటి మీద కనిపించినవి ఆకుతో సహా తుంచి అక్కడికి మారుస్తాను. పొయ్యి మీద పోపు పెట్టుకుని పురుగుల్ని బదిలీ చేస్తోందని మా ఆయన అందరికీ చెప్తాడు.

కుంట కూడా పెట్టారు, బాత్‌టబ్ అంత. కప్పల కోసమట. మున్సిపాలిటీ వాళ్లు శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ తిరిగి పూలకుండీ పళ్లెంలో నీళ్లున్నా పారబోయిస్తారు, అలాంటిది నేను నీళ్లు నిలవబెట్టుకుని కూర్చోవాలి. దోమలకి గంబూసియా చేపలు వేస్తే సరిపోతుందన్నారు. అవి దోమపిల్లల్ని తింటాయి, నిజమే. కప్ప పిల్లల్నీ తింటాయి. మరి కుంట ఎవరికోసం? తీయించేశాను. ఇప్పుడు రెండు వెడల్పాటి మట్టి మూకుళ్లు, మధ్యలో పిట్ట నిలబడడానికి రాయి, మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తాను. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం దగ్గరగా పడుతుంది కాబట్టి ఆ లోపలే పారబోస్తే చాలు. కప్పలు ఎలాగూ అరటి గుంట తేమలోకి వచ్చాయి, వానాకాలం రాత్రి వాటి గోల వింటే కుంటే అక్కర్లేదంటారు.

పాములు? అందరూ అడిగేది ఇదే. ఒకసారి జెర్రిపోతు వచ్చింది, పందికొక్కు కోసమే అయ్యుంటుంది, దానంతట అదే పోయింది. కానీ మన జిల్లాలో రక్తపింజరి కూడా ఉంది, వేళాకోళం పనికిరాదు. పెరడంతా జానెడు ఎత్తు వరిగడ్డి పరిచినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. తలుపు ముందు, నడిచే దారిలో గడ్డి తీయించి ఇసుక పోయించాను. రాత్రి టార్చి లేకుండా వెళ్లం. గోడకి ఆనించి పరిచిన గడ్డికి చెద పట్టి గుమ్మం దాకా వచ్చింది, అప్పటినుంచి గోడకి అడుగు దూరం ఖాళీ. ఇవేవీ వాళ్ల కాగితంలో లేవు.

మిరప గురించి రెండు ముక్కలు. మందులు కొట్టని పెరడు కదా, పురుగు రాదనుకోకండి. 2021లో మా తమ్ముడి చేను పాడుచేసిన నల్ల తామర పురుగే నా పదిహేను మొక్కల పూలలోకీ వచ్చింది. నీలం జిగురు అట్టలు కట్టి, వేపనూనె కొట్టి, సగం కాయ తీసుకున్నాను. పక్కన వేసిన బంతి దాన్ని ఆపలేదు. బంతి వేళ్లు మట్టిలోని నులిపురుగులకి పనికొస్తాయి, పూలలో దూరే తామరకి అది మందు కాదు. బీర విషయంలో మాత్రం వాళ్ల మాట నెగ్గింది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాని మీదికి రావాలి. పెరట్లో నేను తెల్లవార్లూ వేసి ఉంచే పెద్ద లైటు ఆపమన్నారు. ఆపాక పిందె నిలవడం పెరిగింది. లైటు వల్లనా, ఎరువు వల్లనా అంటే ప్రమాణం చేయలేను. కరెంటు బిల్లయితే తగ్గింది.

నా లెక్కపుస్తకం ప్రకారం ఇప్పుడు వారంలో నాలుగు రోజులు కరివేపాకు కొనను. గోంగూర వానాకాలమంతా పెరట్లోదే. అరటికాయ, చేమదుంప, మునక్కాయ సగానికి సగం. మునగని ఈసారి నడుమెత్తున తుంచుతూ గుబురు చేయమన్నారు, చేశాను. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను గాలికి రెండు అరటి చెట్లు ఒరిగాయి, మునగ కదల్లేదు. పెట్టిన 64,000 తిరిగొచ్చాయా అంటే ఇంకా లేదు, ఇంకో రెండేళ్లు పట్టేట్టుంది. రోజుకి గంట నా పని కూడా అందులో ఉంది, దానికి కూలి వేసుకోలేదు.

అయిదు చుక్కల్లో మూడున్నర. డ్రాయింగుకి అయిదు, నీళ్ల పైపులకి నాలుగు, తప్పు ఒప్పుకున్నందుకు నాలుగు, కందకానికి ఒకటి, మొక్కల జాబితాకి రెండు. ఎవరైనా పెట్టించుకుంటే డ్రాయింగు వరకే తీసుకుని, మొక్కలు మీరే కడియం వెళ్లో, చుట్టాల పెరళ్లలోంచో తెచ్చుకోండి. ప్యాకేజీలో వచ్చిన 140 మొక్కల్లో ఇప్పటికి ఉన్నవి 83.

పోయిన వారం పెద్దవాడు ఫోన్ చేశాడు. పొన్నూరులో మా అక్క వాళ్ల స్థలానికి డ్రాయింగు మాత్రమే కావాలని చెప్పా, ఆరు వేలకే ఒప్పుకున్నాడు. కొత్త కస్టమర్లని మా పెరడు చూడ్డానికి పంపొచ్చా అని అడిగాడు. పంపమన్నాను. రెండు దాటాక రావాలి, అంతకుముందు నేను పొయ్యి దగ్గరుంటాను.